సంతకాల చాటున చావులు

ఆటో రోడ్డెక్కాలంటే ఫిట్‌నెస్ పత్రం ఉండాలి. నడిపేవాడికి లైసెన్సు ఉండాలి. లేకపోతే ఆపి అడగడానికి ఒక అధికారి ఉన్నాడు, ఆయన వెనక ఒక చట్టం ఉంది. మేడ్చల్ నుంచి శంషాబాద్ దాకా, పటాన్‌చెరు నుంచి బాటసింగారం దాకా హైదరాబాద్ చుట్టూ లేచిన గోదాముల్లో రాత్రింబవళ్లు తిరిగే ఫోర్క్‌లిఫ్టుకు ఇవేవీ అక్కర్లేదు. మూడు టన్నులు ఎత్తగల ఫోర్క్‌లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడే నాలుగు టన్నులు దాటి తూగుతుంది. అంత బరువున్న యంత్రం హమాలీల మధ్య, ఇరుకు సందుల్లో, ర్యాకుల నీడలో ముందుకూ వెనక్కూ పరుగెడుతుంది. అయినా 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28)లో, ఫ్యాక్టరీలోనో మరో మూసిన ఆవరణలోనో మాత్రమే వాడటానికి తయారైన ప్రత్యేక వాహనాలను ‘మోటారు వాహనం’ నిర్వచనం నుంచి తప్పించారు. గేటు దాటనంత కాలం ఆ బండికి నంబరు ప్లేటు లేదు, రవాణా శాఖ తనిఖీ లేదు.

అలాంటప్పుడు దాని కింద పడి మనిషి నలిగిపోకుండా కాపాడేది ప్రధానంగా ఒక్కటే: షిఫ్టు మొదట్లో తాళం తిప్పకముందు ఆపరేటర్ చేసే పది నిమిషాల తనిఖీ. ఆ తనిఖీని మన గోదాములు ఒక సంతకానికి కుదించేశాయి. దీన్ని నిర్లక్ష్యం అని తేలిక చేసి మాట్లాడటం సరికాదు. సమయం ఇవ్వని యాజమాన్యం, అధికారం ఇవ్వని కాంట్రాక్టరు, కన్నెత్తి చూడని ప్రభుత్వం కలిసి చేస్తున్న నేరమిది. శిక్ష మాత్రం సంతకం పెట్టినవాడికి పడుతోంది.

ఆ కాగితం ఎలా ఉంటుందో గోదాముల్లో పనిచేసే వారందరికీ తెలుసు. ఛార్జింగ్ పాయింట్ పక్కన గోడకు ఒక అట్ట వేలాడుతుంది. దానికి బిగించిన కాగితంలో ఎడమవైపు బ్రేకు, హారన్, టైర్లు, ఫోర్కులు, చైన్లు, ఆయిల్ లీకేజీ అని వరసగా ఇంగ్లిషులో ఉంటాయి. పైన ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా తేదీలు. గడుల్లో టిక్కులు. నెల మొత్తం టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే చేత్తో, ఒకే వాలుతో పడి ఉంటాయి. బండి మరమ్మతులో ఉన్న రోజు గడిలోనూ బ్రేకు బాగుందనే ఉంటుంది. ఆడిట్ వస్తోందని కబురందగానే శనివారం సాయంత్రం కూర్చుని ఆదివారం, సోమవారం గడులు కూడా నింపేసే చోట్లున్నాయి. ఆ కాగితం కింద సూపర్‌వైజర్ సంతకం, దాని పక్కన సేఫ్టీ అధికారి ముద్ర. ఇంతమంది చూసినట్టు రాసుకున్న బండిని నిజానికి ఒక్కరూ చూడలేదు.

చూడటమంటే ఏమిటో చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ తనిఖీని పనికిమాలిన తంతుగా భావించే వారిలో ఎక్కువ మంది దాన్ని ఒక్కసారి కూడా దగ్గరుండి చూసినవారు కారు. తాళం తిప్పకముందు బండి చుట్టూ ఒక తిరుగు తిరగాలి. మొదట బండిని కాకుండా, బండి నిలిపిన నేలను చూడాలి. రాత్రంతా నిలబడిన చోట మాస్టు, అంటే ఫోర్కులను పైకీ కిందికీ నడిపే నిలువు చట్రం, కింద అరచేయంత నూనె మరక కనిపిస్తే, లిఫ్ట్ సిలిండరు సీలో, హైడ్రాలిక్ గొట్టమో చెడిందని అర్థం. ఆ గొట్టం నేల మీద ఉన్నప్పుడు పగిలితే నూనె పోతుంది. రెండు టన్నుల సరుకు తలకన్నా ఎత్తులో ఉన్నప్పుడు పగిలితే కింద ఉన్న మనిషి పోతాడు.

తర్వాత ఫోర్కులు. నిలువు భాగం నుంచి అడ్డంగా వంగే చోటును మడమ అంటారు. నేలకు రాసుకుని రాసుకుని అది అరుగుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 5057 ప్రకారం మందంలో పది శాతం అరిగితే ఆ ఫోర్కును పనిలోంచి తీసేయాలి. 40 మిల్లీమీటర్ల ఫోర్కు 36కు వచ్చిందంటే దాని ఆయుష్షు తీరినట్టే. అరిగింది పదో వంతే కదా అనిపిస్తుంది. బరువు మోసే శక్తి మాత్రం దాదాపు ఐదో వంతు పడిపోతుంది. కంటికి ఇది తెలియదు. కొలత పెట్టి చూడాలి. మడమ దగ్గర వెంట్రుకంత పగులుంటే టార్చి వేసి చూడాలి. ఫోర్కు పక్కకు జారకుండా పట్టే పిన్ను దాని గాడిలో ఉందో లేదో చూడాలి.

మాస్టు చైన్లది మరో లెక్క. రెండు చైన్లూ ఒకే బిగువులో ఉండాలి. ఒకటి వదులైతే బరువంతా రెండోదాని మీద పడుతుంది. మీటరు పొడవున్న చైను మూడు సెంటీమీటర్లు సాగితే మార్చేయాలన్నది ఈ రంగంలో అందరూ పాటించాల్సిన కొలత. ఆ బిగువును చేత్తో చూడకూడదు, కర్రతో నొక్కి చూడాలి. వేళ్లు పోయినవాళ్ల అనుభవం నుంచి వచ్చిన జాగ్రత్త అది. టైర్లలో ముక్కలు ఊడాయా, చక్రం నట్లు బిగువుగా ఉన్నాయా, తల మీది గార్డు వంగిందా, బ్యాటరీ కేబుల్ తొడుగు చిట్లిందా, గ్యాసు బండి అయితే సిలిండరు దగ్గర వాసన వస్తోందా అన్నవి కూడా ఈ తిరుగులోనే తేలాలి. ఎంత బరువు ఎంత ఎత్తుకు ఎత్తవచ్చో చెప్పే సామర్థ్య ఫలకం మీద అక్షరాలు చదవడానికి వీలుగా ఉండాలి. అది చెరిగిపోయిన బండిని నడపడమంటే అంచనా మీద మనిషి ప్రాణాన్ని పెట్టడమే.

ఆ తర్వాతే సీట్లో కూర్చోవాలి. బెల్టు పెట్టుకుని, తాళం తిప్పి, బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు వేసి, స్టీరింగ్‌లో ఎంత ఆట ఉందో చూసి, ఫోర్కులను ఖాళీగా పైకెత్తి దించి, ముందుకూ వెనక్కూ వంచి, హారన్ కొట్టి, రివర్స్ అలారం విని, అప్పుడు బండిని కదిలించాలి. మొత్తం కలిపి పది నిమిషాలు. దీనికి ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు. శిక్షణ, టార్చి, ఒక కొలత బద్ద చాలు. వీటితోపాటు ఎవరూ అరవని పది నిమిషాలు కావాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే ఈ యంత్రం నిర్మాణంలోనే ప్రమాదం ఉంది. కారులా ఇది ముందు చక్రాలతో తిరగదు, వెనక చక్రాలతో తిరుగుతుంది. మలుపు తిప్పినప్పుడు తోక భాగం బయటికి విసురుగా వస్తుంది. నాలుగు చక్రాలున్నా మూడు కాళ్ల పీటలాగే నిలబడుతుంది. ముందు చక్రాలు రెండూ రెండు కాళ్లు, వెనక ఇరుసు మధ్యలో ఉన్న కీలు మూడో కాలు. బండీ, సరుకూ కలిసిన బరువు కేంద్రం ఆ త్రికోణం లోపల ఉన్నంత సేపే నిలకడ. సరుకు పైకెత్తి మలుపు తిప్పినా, ఒకవైపు టైరు అరిగి ఉన్నా, బ్రేకు ఒక పక్కకు లాగినా, సరుకు ఫోర్కుల కొసకు జరిగినా అది దాటిపోతుంది. మూడు టన్నుల సామర్థ్యం అని రాసి ఉంటే అది ఫోర్కుల మడమ నుంచి 500 మిల్లీమీటర్ల దూరంలో బరువు కేంద్రం ఉన్నప్పటి మాట. పొడుగాటి పెట్టె ఎత్తితే ఆ మూడు టన్నులు చెల్లవు. బండి పక్కకు ఒరిగినప్పుడు బయటికి దూకడం మనిషి సహజ స్వభావం. దూకినవాడి మీదే తల పైని గార్డు వచ్చి పడుతుంది. బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఒరుగుతున్న వైపుకు ఎదురుగా వాలినవాడు బతికే అవకాశం ఎక్కువ. మన గోదాముల్లో ఆ బెల్టును అలారం మోగకుండా వీపు వెనక బిగించి, దాని మీద కూర్చుని నడుపుతున్నారు. మనిషి సీట్లో లేకపోతే బండిని ఆపేసే స్విచ్‌ను వైరుతో కలిపేసి నడుపుతున్నారు. నిజమైన తనిఖీ ఉంటే ఈ రెండూ మొదటి రోజే బయటపడేవి.

అమెరికాలో 1980 నుంచి 1994 దాకా ఫోర్క్‌లిఫ్టు ప్రమాదాల్లో 1,021 మంది కార్మికులు చనిపోయారని అక్కడి వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ లెక్కతీసింది. అందులో 22 శాతం బండి బోల్తాపడి, 20 శాతం నడిచి వెళ్తున్నవారిని బండి ఢీకొని, 16 శాతం బండి కింద నలిగి, 9 శాతం బండి మీది నుంచి పడి చనిపోయారు. నడిచి వెళ్తున్న ఆ 20 శాతాన్ని మన గోదాములకు తెచ్చి చూడాలి. అమెరికా గోదాములో నేల మీద మనుషులు తక్కువ. మన గోదాములో లారీ దగ్గర హమాలీలుంటారు, పక్కనే స్టిక్కర్లు అంటించే ఆడవాళ్లుంటారు, సరుకు లెక్కబెట్టే కుర్రవాళ్లుంటారు. పసుపు గీత గీసిన నడకదారి మీదే ప్యాలెట్లు పేర్చి ఉంటాయి. బ్రేకు పట్టని బండి నడిపేవాడికి చేతిలో స్టీరింగైనా ఉంది. ఎదురుగా బస్తా మోస్తూ వెళ్తున్న హమాలీకి ఏముంది? హారన్ వినిపిస్తే పక్కకు తప్పుకుంటాడు. హారన్ పనిచేయకపోతే ఆ అవకాశమూ లేదు. ఆపరేటర్ చేయాల్సిన తనిఖీ ఆపరేటర్ కోసం మాత్రమే కాదు. బండి తాళం ఎప్పుడూ చేతికి రాని మనిషి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంది.

మన దేశంలో ఇలా ఎంతమంది పోయారని అడిగితే ప్రభుత్వం దగ్గర సరైన జవాబు లేదు. కేంద్ర కార్మిక శాఖ కింద ఉన్న డీజీఫాస్లీ ఏటా ప్రకటిస్తూ వచ్చిన ప్రమాద లెక్కలు ఫ్యాక్టరీల చట్టం కింద నమోదైన ఫ్యాక్టరీలవి. గోదాము ఫ్యాక్టరీ కాదు కనుక గోదాములో చావు ఆ లెక్కలోకి రాలేదు. పోలీసు స్టేషన్లో అది ఒక ప్రమాదం కేసు, పత్రికలో జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు. లెక్కే లేని చావుకు విధానం ఎలా వస్తుంది?

1948 ఫ్యాక్టరీల చట్టానికి మన కార్మికులు ఎంతో రుణపడి ఉన్నారు. కానీ అది పుట్టిన కాలం వేరు. బరువులెత్తే యంత్రాల గురించి చెప్పిన దాని సెక్షన్ 29 నిర్వచనంలో క్రేన్, విన్చ్, పుల్లీ బ్లాక్ ఉండేవి. వాటిని సమర్థుడైన వ్యక్తి కనీసం పన్నెండు నెలలకోసారి క్షుణ్నంగా పరీక్షించాలని ఉండేది. ఆ నిర్వచనంలో ఫోర్క్‌లిఫ్టు పేరు ఉండేది కాదు. అదే చట్టం కోల్డ్ స్టోరేజీలో సరుకు నిల్వ చేయడాన్ని ఉత్పత్తి ప్రక్రియగా గుర్తించింది. గుంటూరులో మిర్చి టిక్కీలు దాచే శీతల గిడ్డంగి ఫ్యాక్టరీ అయింది. దాని పక్కన మామూలు సరుకు దాచే గోదాము ఫ్యాక్టరీ కాలేదు. అది షాపులు, సంస్థల చట్టం కిందికి పోయింది. పనిగంటలు, సెలవులు, రిజిస్టర్లు చూసే చట్టమది. మాస్టు చైను సాగిందో లేదో చూసే పని దానికి లేదు.

ఇక 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. రాష్ట్రానికో చిన్న గోదాము పెట్టుకునే అవసరం పోయింది. లక్షల చదరపు అడుగుల గోదాములు, నలభై అడుగుల ఎత్తు ర్యాకులు వచ్చాయి. అదే ఏడాది నవంబరులో కేంద్రం లాజిస్టిక్స్ రంగానికి మౌలిక వసతుల హోదా ఇచ్చింది. అప్పులు తేలికయ్యాయి, రాష్ట్రాలు పోటీపడి భూములిచ్చాయి, శంకుస్థాపనలు జరిగాయి. గోదాము రూపమే మారిపోయింది. ఆ కొత్త ఎత్తులకు సరుకు చేర్చే బండినీ, దాన్ని నడిపే మనిషినీ చూసుకునే చట్టం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. విశాఖ ఓడరేవులో అయితే 1986 డాక్ కార్మికుల భద్రతా చట్టం, 1990 నిబంధనలు ఎత్తే యంత్రాలకూ, సరుకు మోసే బండ్లకూ వర్తించాయి. అదే సరుకు రేవు గేటు దాటి పక్క గోదాముకు చేరగానే ఆ రక్షణ ఆగిపోయింది. సరుకు మారలేదు, బరువు మారలేదు, మోసే మనిషి మారలేదు.

ఇప్పుడు చట్టం లేదన్న సాకు కూడా లేదు. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలన్నిటికీ వర్తిస్తుంది. అంటే గోదాము కూడా అందులో ఉంది. ప్రమాదాలకు తావులేని పనిచోటు కల్పించడం యజమాని విధి అని కోడ్ చెబుతోంది. ప్రాణాపాయం ముంచుకొస్తోందని అనిపిస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చింది. ఇది ముందడుగే. కానీ అదే కోడ్ మరో చేత్తో తీసుకున్నదీ ఉంది. కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం వర్తించే పరిమితిని 20 నుంచి 50కి పెంచింది. ఆవరణలో సరుకు ఎక్కించే, దించే పనులను ప్రధాన కార్యకలాపాల జాబితా బయట ఉంచి, కాంట్రాక్టుకు ఇవ్వడానికి దారి తెరిచే ఉంచింది. నలభై మందితో పని చేయించే కాంట్రాక్టరు ఆ అధ్యాయానికి దొరకడు. మన గోదాముల్లో ఆపరేటర్లు, హమాలీలు ఎక్కువగా ఉన్నది ఇలాంటి కాంట్రాక్టర్ల కిందే.

అందుకే లోపం ఎవరిదని అడిగితే తిలాపాపం తలాపిడికెడు. గోదాము కట్టిన వాడొకడు, అద్దెకు తీసుకున్న కంపెనీ ఒకటి, లోపల పని నడిపించే లాజిస్టిక్స్ సంస్థ మరొకటి, మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు ఇంకొకడు. బండి వీళ్లలో ఎవరిదీ కాదు, నెల అద్దెకు తెచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కినా జారుతోందని ఆపరేటర్ చెబితే సూపర్‌వైజర్ అద్దె కంపెనీకి ఫోన్ చేయమంటాడు. మెకానిక్ రేపొస్తానంటాడు. ఈలోగా డాక్ దగ్గర లారీ నిలబడి ఉంది, నిలబడిన ప్రతి గంటకూ లెక్క ఉంది. “ఈ ఒక్క లారీ ఎక్కించి ఆపేద్దాం అన్నా” అన్న మాట మన గోదాములన్నిటిలో రోజూ వినిపిస్తుంది. ఆ ఒక్క లారీ ఎప్పటికీ అయిపోదు. కాదని తాళం బల్ల మీద పెట్టిన ఆపరేటర్‌కు మరుసటి రోజు గేటు దగ్గర పాస్ పనిచేయదు. బిహార్ నుంచో, ఒడిశా నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి గోదాము పక్కనే నలుగురితో గది పంచుకుంటున్న కుర్రాడు ఆ ధైర్యం ఎలా చేస్తాడు?

అతని చేతికి తాళం ఎలా వచ్చిందో కూడా చూడాలి. చాలామంది మొదట హమాలీగానో, క్లీనర్‌గానో చేరారు. మధ్యాహ్నం భోజన విరామంలో బండి కదిలించడం నేర్చుకున్నారు. ఆపరేటర్ రాని రోజు తాళం చేతికొచ్చింది. అంతే శిక్షణ. కారు లైసెన్సు ఉంటే చాలని కొన్ని చోట్ల అనుకుంటున్నారు. వెనక చక్రాలతో తిరిగే, ఎత్తుకొద్దీ నిలకడ కోల్పోయే యంత్రానికి కారు లైసెన్సు ఏ విధంగా అర్హత? చెక్‌లిస్టు ఇంగ్లిషులో ఉంటుంది, చదవాల్సిన వాడు ఒడియా, హిందీ, తెలుగు చదివినవాడు. అతని చేత టిక్కు పెట్టించుకోవడమంటే చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడంతో సమానం.

ప్రమాదం జరిగిన తర్వాత ఆ కాగితం అసలు పని మొదలుపెడుతుంది. ఫైల్లోంచి చెక్‌లిస్టు బయటికి వస్తుంది. బ్రేకు బాగుందని ఆ ఉదయం ఎవరు టిక్కు పెట్టారో చూపిస్తారు. కేసు ఆపరేటర్ మీద పడుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే అయిదేళ్ల దాకా జైలు. భద్రతా కోడ్ కింద విధి తప్పి కార్మికుడి మరణానికి కారణమైన యజమానికి రెండేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ‘లేదా’ అన్న మాట ఎవరికి పనికొస్తుందో వేరే చెప్పనవసరం లేదు. ఆపరేటర్ బలిపశువు అవుతాడు, పోయినవాడి కుటుంబం పరిహారం కోసం తిరుగుతుంది, మరుసటి షిఫ్టుకు అదే బండి, అదే గోడకు అదే అట్ట, కొత్త చేతి సంతకం. ప్రాణాలు కాపాడాల్సిన కాగితాన్ని యాజమాన్యాలు తమను కాపాడే కాగితంగా మార్చుకున్నాయి. మా ప్రధాన అభియోగం ఇదే.

ఒకేసారి పదిమంది పోతే ప్రభుత్వాలు కదులుతాయి. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో పరీక్షిస్తున్న క్రేన్ కూలి 11 మంది చనిపోయినప్పుడు కదిలాయి. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము తగలబడి 11 మంది బిహారీ కార్మికులు కాలిపోయినప్పుడు కదిలాయి. కమిటీలు వేశారు, పరిహారాలు ప్రకటించారు. ఫోర్క్‌లిఫ్టు అలా చంపదు. ఒక ఊళ్లో ఒకరిని, మరో నెలలో మరో ఊళ్లో ఇంకొకరిని తీసుకుపోతుంది. మంత్రి రాడు, కమిటీ ఉండదు. విడివిడిగా పోయిన ప్రాణాల విలువ కలిసి పోయిన ప్రాణాల కన్నా తక్కువా?

ఇతర దేశాల్లో ఆకాశం నుంచి ఊడిపడిన వ్యవస్థలేమీ లేవు, రాసిన నియమాలున్నాయి. అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా నిబంధన 1910.178 ప్రకారం ఫోర్క్‌లిఫ్టును పనిలోకి దించే ముందు కనీసం రోజుకోసారి పరీక్షించాలి. రాత్రింబవళ్లు నడిపితే ప్రతి షిఫ్టు తర్వాత పరీక్షించాలి. లోపం కనిపిస్తే బండిని పక్కన పెట్టాలి. ఆపరేటర్ పనితీరును మూడేళ్లకోసారి మళ్లీ మదింపు చేయాలి. ఆస్ట్రేలియాలో ఫోర్క్‌లిఫ్టు నడపాలంటే ఎల్ఎఫ్ తరగతి హై రిస్క్ వర్క్ లైసెన్సు తీసుకోవాలి, అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. చదువుకోవడానికి వెళ్లి మెల్‌బోర్న్, సిడ్నీ గోదాముల్లో పార్ట్‌టైమ్ పనిచేస్తున్న మన తెలుగు పిల్లలకు ఈ లైసెన్సు సంగతి బాగా తెలుసు. గుంటూరు పిల్లవాడికి మెల్‌బోర్న్‌లో దొరికే రక్షణ గుంటూరులో ఎందుకు దొరకకూడదు? ఆ ప్రశ్నకు ఇక్కడి కార్మిక శాఖలు జవాబు చెప్పాలి.

యాజమాన్యాలు మూడు వాదనలు వినిపిస్తాయి. సమయం లేదన్నది మొదటిది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం, వారానికి 48 గంటల పరిమితికి లోబడి, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవడానికి వీలు కల్పించింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది అదే దారి పట్టింది. పది గంటల పనిని ఉత్తర్వులో రాయగలిగినప్పుడు, అందులో మొదటి పది నిమిషాలు తనిఖీకని కూడా రాయవచ్చు. రెండో వాదన, ఆపరేటర్లే చూడరని. చూసి లోపం చెప్పినవాడిని మెచ్చుకున్న దాఖలా ఒక్కటి చూపించండి, అప్పుడు ఆ మాట వింటాం. చెప్పినందుకు తిట్లు, చెప్పనందుకు ప్రశాంతత దొరికే చోట ఎవరైనా చెప్పకపోవడమే నేర్చుకుంటారు. మూడోది, బండి అద్దెది కనుక బాధ్యత అద్దె కంపెనీదని. మరమ్మతు బాధ్యత వాళ్లదే కావచ్చు. చెడిన బండిని ఆ పూట నడపాలా వద్దా అన్న నిర్ణయం గోదాము నడిపేవాడిది. ఆ నిర్ణయం కాంట్రాక్టుకు ఇవ్వదగింది కాదు.

ఏం చేయాలో కొత్తగా కనిపెట్టనవసరం లేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ భద్రతా కోడ్ కింద తాము చేయగలిగిన నియమాల్లో ఫోర్క్‌లిఫ్టును పేరుపెట్టి రాయాలి, కేంద్రం నిర్ణయించాల్సిన ప్రమాణాల కోసం పట్టుబట్టాలి. ప్రతి గోదాములో ప్రతి ఫోర్క్‌లిఫ్టుకు నమోదు సంఖ్య ఉండాలి, పన్నెండు నెలలకోసారి బయటి నిపుణుడి పరీక్ష జరగాలి, ఆ తేదీ బండి మీదే అందరికీ కనిపించేలా అంటించి ఉండాలి. ఆపరేటర్‌కు శిక్షణ, పరీక్ష, ధ్రువపత్రం లేకుండా తాళం ఇవ్వకూడదు. షిఫ్టు మొదటి పది నిమిషాలను జీతం లెక్కలో చేర్చి, ఆ సమయంలో డిస్పాచ్ లక్ష్యం ఏదీ వర్తించదని రాతపూర్వకంగా చెప్పాలి. చెక్‌లిస్టు తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో, బొమ్మలతో ఉండాలి. లోపం ఉందని ఆపరేటర్ ఎర్ర చీటీ తగిలిస్తే మెకానిక్ సంతకం లేకుండా దాన్ని తీసే అధికారం సూపర్‌వైజర్‌కు ఉండకూడదు. అలా తగిలించినవాడి ఆనాటి కూలి ఒక్క రూపాయి తగ్గకూడదు.

వీటన్నిటి కన్నా ముఖ్యం బాధ్యతను పైకి తీసుకెళ్లడం. గోదాములో ఎవరి సరుకు కదులుతోందో, ఎవరి పేరు బోర్డు మీద ఉందో ఆ సంస్థే ప్రధాన యజమానిగా జవాబు చెప్పాలి. తనిఖీ జరిగిందని ఆపరేటర్‌తో పాటు షిఫ్టు అధిపతి కూడా సంతకం చేయాలి, తప్పుడు సంతకం తేలితే ముందు ఆయన మీద కేసు పెట్టాలి. గోదాముల్లో జరిగే ప్రతి మరణాన్ని, ప్రతి తీవ్ర గాయాన్ని యంత్రం పేరుతో సహా నమోదు చేసి కార్మిక శాఖ ఏటా ప్రకటించాలి. హమాలీ సంఘాలు కూలి రేట్ల కోసం పోరాడినంత గట్టిగా దీనికోసం పోరాడాలి. రేటు పెరిగినా అందుకునే చెయ్యి మిగలాలి కదా.

గోదాముల్లో పనిచేస్తున్న ఆపరేటర్ సోదరులకు ఒక మాట. చూడని బండికి టిక్కు పెట్టకండి. ఆ సంతకం రేపు మీ మీదే సాక్ష్యం చెబుతుంది. లోపం కనిపిస్తే కాగితం మీద రాయండి, ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి, మీ సంఘానికి చెప్పండి, ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయండి. చట్టం ఆ హక్కు మీకు ఇచ్చింది. దాన్ని వాడినవాడికి అండగా నిలబడటం ప్రభుత్వం పని. ఆ పని చేయని కార్మిక శాఖ, ఆ పది నిమిషాలు ఇవ్వని యాజమాన్యం జరగబోయే ప్రతి మరణంలోనూ నిందితులే. తనిఖీ చేయని బండికి తాళం ఇవ్వకూడదు. తనిఖీకి సమయం ఇవ్వని గోదాముకు ప్రభుత్వమే తాళం వేయాలి.